అండాలు కట్టిన తెప్ప

ముడి వేసిన తర్వాత అండాలు దాన్ని బొటనవేలి గోటితో ఒకసారి నొక్కేది. ఏ ముడి అయినా సరే. బియ్యం మూట, దూడ పలుపు, పక్కింటి పిల్ల జడకు కట్టిన రిబ్బను. గోరు దిగకపోతే చెయ్యి తీసేది. దిగితే విప్పి మళ్లీ కట్టేది. ఒకసారి పెండ్లికి పోయి, అక్షింతలు వేయడానికి వంగి, వధూవరుల కొంగుముడిని కూడా నొక్కి చూసింది. పందిరంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ముడి వదులుగా ఉంది.

ఆమె పని అది. చౌటుప్పల్‌కు కొంత దూరంలో ఉన్న ఆ ఊళ్లో, పద్మశాలీల వాడలో, నూలుకు మగ్గం ఎక్కకముందే రంగు వేస్తారు. తెల్లగా ఉండవలసిన చోటునల్లా దారంతో బిగించి కట్టి, నూలును రంగులో ముంచుతారు. కట్టు కిందికి రంగు పోదు. దాన్ని చిటికి అంటారు. కట్టు వదులైతే ఎరుపు తెలుపులోకి పాకుతుంది. పాకిన రంగును ఏ నీళ్లూ కడగలేవు. మగ్గం మీద పువ్వు చెదిరిపోతుంది.

కట్టేముందు దారాన్ని నోట్లో తడుపుతారు. తడి దారం జారదు. ఒక కొస పళ్లతో పట్టుకొని రెండో కొస చేత్తో లాగుతారు. ఆ ముడిని ఎవరూ విప్పరు. రంగు పట్టి నూలు ఆరిన తర్వాత బ్లేడుతో కోస్తారు.

అండాలుకు వేరే ముడి రాదు. దూడను కూడా అట్లాగే కట్టేది. పొద్దున దాన్ని విప్పడానికి పోయిన లింగస్వామి కొంతసేపు గింజులాడి, కత్తిపీట కోసం ఇంట్లోకి వచ్చేవాడు.

"ఇంట్ల పలుపులన్నీ మూరెడు అయిపాయెనే" అనేవాడు.

"దూడ పోయిందా?"

"యాడికి పోతది? దాని తాత గూడ పోలేడు."

లింగస్వామి ఆమె భర్త. మగ్గం గుంతలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తని మనిషి. కూతురు పెండ్లయి భువనగిరికి పోయింది. ఇంట్లో ఇద్దరే.

అండాలు పుట్టింది రామన్నపేట వైపు. ఆ ఇంట్లో ముతక నేత. చిటికి ఆమెకు నేర్పింది మామ ఐలేశం. అతడు వయసులో ఉన్నప్పుడు నడుస్తూ, బండ్లెక్కుతూ చీరాల దాకా పోయి, నూనెలో నానబెట్టిన నూలుకు ఎర్ర రంగు పట్టించే పని నేర్చుకొని వచ్చాడు. కోడలి చేతిని మొదటిసారి చూసినప్పుడే, "ఈ పిల్లకు పట్టు ఉన్నది" అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ మెచ్చుకోలేదు.

రజాకార్ల ఏడాది వాడ ఖాళీ చేసి పోవలసి వచ్చినప్పుడు ఐలేశం మగ్గాన్ని వదిలిపెట్టాడు. అండాలు కట్టుకట్టిన నూలును చీర మడతలో చుట్టుకొని పోయింది. నెలల తర్వాత తిరిగి వచ్చి అదే నూలును రంగులో ముంచారు. ఒక్క కట్టూ వదలలేదు.

ఎర్ర రంగుకు నీళ్లు కావాలి. నూనె పట్టించి కడగాలి, కాచి కడగాలి, ముంచి కడగాలి. వాడ బావి ఎండాకాలంలో అడుగు కనిపించేది. అండాలు చిన్న చెంబును తాడుకు కట్టి దించి, ఊరిన నీళ్లను ఊరినట్టే తోడుకొనేది. ఇంటి నీళ్లు వేరు, రంగు నీళ్లు వేరు. రంగు కడిగిన నీళ్లను పారబోయక ఇంకో కడవలో పోసి, బురద పేరుకున్నాక పైనుంచి తేరుకున్నవి మళ్లీ వాడేది. పండుగనాడు తలంటుకుంటే నీళ్లు ఎన్ని పోసుకున్నదీ ఆమెకు తెలిసేది.

ఐలేశం కట్టు కడుతూ మాట్లాడేవాడు. ఎక్కువగా ఒకే మాట.

"చీరాలకాడ సముద్రముంటది పిల్లా. ఆడ కట్టెలను తాళ్లతోని కట్టి, వాటి మీద కూసోని లోపటికి పోతరు. జర లోపటికి పోతే ఒడ్డు కనవడదంట."

"నువ్వు పోయినవా మామా?"

"పోలే. ఒకడు రమ్మన్నడు. మోకాళ్ల దాకా దిగిన. భయమైంది. ఎనకకొచ్చిన." కొసను పళ్లతో లాగి, ముడి చూసి, మళ్లీ అనేవాడు. "ఒడ్డు లేకుంటే ఎట్లుంటదో గది నేను చూడలే."

ఏళ్ల తరబడి అదే మాట, అక్కడే ఆపేవాడు. అతడు పోయిన తర్వాత కట్టు కడుతున్నప్పుడు ఆ మాట లేని చోటు అండాలుకు తెలిసేది. ఆమెకు తెలిసినవన్నీ చుట్టూ ఒడ్డున్న నీళ్లే. బావికి ఒడ్డు, కడవకు అంచు, రంగు తొట్టికి గోడ. ఒడ్డు లేని నీళ్లు ఒకసారి చూడాలని ఆమె అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన సందర్భం రాలేదు.

*

పంతొమ్మిది వందల అరవై మూడులో, ఎండలు ముదరకముందు, చేనేత సహకార సంఘం వాళ్లు చీరాల పోవాలనుకున్నారు. అక్కడి రంగుల కార్ఖానా చూడాలి. ఇక్కడి చిటికి వాళ్లకు చూపించాలి. సంఘం కార్యదర్శి దశరథం లింగస్వామికి చిన్నాయన కొడుకు. గడపలో నిలబడి అడిగాడు.

"వదినే, అన్నను తోలియ్యి. మన చిటికి ఎట్ల కడతరో వాళ్లకు చూపియ్యాలె."

"మీ అన్నకు చిటికి కట్టొస్తదా?"

లింగస్వామి గుంతలోంచి తల ఎత్తలేదు. "నాకు రాదురా. నేను నేసెటోన్ని. కట్టెటిది ఆమె."

"ఆడోళ్లను ఎట్ల తీస్కపోత? బస్సు నిండ మొగోళ్లే."

"అయితే మొగోళ్లనే కట్టుమను" అంది అండాలు.

దశరథం తల గోక్కున్నాడు. చివరికి అన్నావదినెలు ఇద్దరూ రావాలన్నాడు. ఒక్క ఆడమనిషి బాగుండదని ఎవరో అంటే, ఎదురింటి యాదలక్ష్మి తానూ వస్తానంది. ఆమె భర్త లేని మనిషి, తన మగ్గం తానే నేసేది, ఒకరి మాట పడేది కాదు.

"అక్కకు తోడు నేనొస్త. నన్ను ఆపెటోడు పోయి పదేండ్లాయె" అంది.

బస్సు ఎక్కేటప్పుడు అండాలు దశరథాన్ని ఒక్కటే అడిగింది.

"ఆడ సముద్రమున్నదా?"

"ఉన్నది వదినే. పని అయినంక చూపిస్త."

చీరాలలో పని ఒక రోజు పట్టింది. కార్ఖానా వాళ్లు నూలు తెచ్చి ముందు పెట్టారు. అండాలు కట్టింది. చుట్టూ నిలబడిన వాళ్లు ముందు మాట్లాడుకున్నారు, తర్వాత మాట్లాడలేదు. ఒక ముసలి మనిషి కట్టును వేలితో తాకి, "ఇది మన పాతకాలపు కట్టే. ఎక్కడిదమ్మా?" అని అడిగాడు. మామ పేరు చెప్పింది. ఆయనకు తెలియదు. ఐలేశం పేరు అక్కడ ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే బస్సు చీరాల పక్కనున్న ఓడరేవు పల్లె ఒడ్డుకు పోయింది. ఆ రాత్రికి ఒడ్డునే ఉన్న సత్రంలో పడుకొని, తెల్లవారి టీ తాగి ఊరికి తిరగాలని ఏర్పాటు.

సరుగుడు చెట్లు దాటగానే సముద్రం కనిపించింది. అండాలు నీళ్ల దాకా నడిచింది. చీర కుచ్చిళ్లు తడవకుండా ఎత్తి పట్టుకొని, నురుగు వచ్చి ఆగే చోట నిలబడింది. వంగి పుడిసిట్లోకి కొన్ని నీళ్లు తీసుకొని నాలుకకు తాకించింది.

"రంగుకు పనికిరావు" అంది.

యాదలక్ష్మి పడీపడీ నవ్వింది. "గిన్ని నీళ్లు చూసి నీకు యాదికొచ్చింది గదేనా అక్కా! నేనైతే బట్టలన్నీ తెచ్చుకోకపోతినని ఏడుస్తున్న."

లింగస్వామి దూరంగా, పొడి ఇసుకలో నిలబడ్డాడు. ఇంకా దగ్గరికి రమ్మంటే, "ఈడికెల్లి మంచిగ కనవడ్తుంది" అన్నాడు.

అక్కడ ఒక పడవ ఉంది. పలకలతో చేసింది, తారు పూసింది, తెరచాప ఉంది. చూడవచ్చిన వాళ్లను ఎక్కించుకొని తిప్పి తెస్తుంది. దశరథం బేరం మాట్లాడి వచ్చాడు.

"అందరం ఒక్కసారే ఎక్కుదాం. బల్లలున్నయి. తడి తాకది. వదినే, నువ్వు నడుమ కూసో."

అండాలు పడవవాణ్ని అడిగింది. "ఒడ్డు కనవడకుంట పోతదా?"

"ఒడ్డు కనపడకుండా ఎందుకు పోవటం?" అన్నాడు అతను. "ఒడ్డెంబడే అట్టా పోయి ఇట్టా వత్తాం. భయం లేదు."

ఆమె పడవ చుట్టూ తిరిగింది. అంతా మేకులు, తారు. ఆమెకు తెలిసింది అందులో ఏమీ లేదు.

పడవకు అవతల, ఇసుకలో, నాలుగు దుంగలు పక్కపక్కన పడి ఉన్నాయి. రెండు చివరలా కొబ్బరి తాడుతో కట్టి ఉన్నాయి. ముందు కొసలు పైకి తిరిగి ఉన్నాయి. ఒక మనిషి వాటి పక్కన కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. తలకు ఎర్రదీ నల్లదీ కలిసిన రుమాలు చుట్టుకున్నాడు. అండాలు ముందు రుమాలును చూసింది. చిటికి రుమాలు. నూనె నూలు. ఒక మూల ఎరుపు కొంచెం పాకింది.

"ఇదేనా కట్టెల మీద పోయేది?" అని అడిగింది.

"తెప్పంటారమ్మా దీన్ని" అన్నాడు అతను. పేరు యల్లమంద. "మీరు ఏ ఊరోళ్లు? మీ మాట వేరేగా ఉంది."

"నల్గొండ దిక్కు. నీ తలకున్నది మా అసోంటి వాళ్లు కట్టిందే. ఆ మూలకు కట్టు వదులైంది."

యల్లమంద రుమాలు విప్పి ఆ మూల చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా చుట్టుకుంటున్నా అతనికి అది కనిపించలేదు. నవ్వి మళ్లీ చుట్టుకున్నాడు.

"నీ తెప్ప మీద పోతే ఒడ్డు కనవడదా అన్నా?"

"ఒడ్డు మీది తాటిచెట్లు కంటికి మునిగిందాకా పోవాలంటే పొద్దంతా పట్టుద్ది. కానీ ఒడ్డు కనపడకుండా పోవాలంటే అంత దూరం ఎందుకు? తెప్ప మీద కూకుంటే నీళ్లల్లో కూకున్నట్టే. పడవంత ఎత్తుండదు. అల కిందికి దిగినామనుకో, చుట్టూ నీళ్లే. ఒడ్డుండదు. అల పైకొత్తే మళ్లా ఉంటది."

అండాలు అతని ముఖం చూస్తూ నిలబడింది.

"నన్ను తీస్కపోతవా?"

"రా. కానీ తడుత్తావు. ఇప్పుడు గాలి మంచిగా ఉంది, ఒడ్డు మీంచి లోపలికి తోలతంది. కాసేపటికి తిరుగుద్ది. తిరిగితే పోలేం. తెడ్డు ఇంటికాడ ఉంది, తెత్తాను."

ఆమె లింగస్వామి దగ్గరికి పోయి చెప్పింది. అతను తెప్పను చూశాడు.

"అది పడవనా? పొయ్యిల కట్టెలు గదనే."

"కట్టి ఉన్నయి."

"కడితే? పడవెక్కు. బల్లలున్నయి, పదిమంది ఉన్నరు. ముణిగితే ఒకరి కాలు ఒకరు పట్టుకోవచ్చు."

"పడవలకెల్లి ఒడ్డు కనవడ్తనే ఉంటది."

లింగస్వామికి ఆ మాట ఎక్కడిదో తెలుసు. చిన్నప్పటి నుంచి తండ్రి నోట విన్నాడు. ఇసుకలోకి చూశాడు. "నీ ఇష్టం" అన్నాడు.

పడవ కదలడానికి సిద్ధంగా ఉంది. దశరథం పిలిచాడు. "వదినే, రా! మళ్ల ఇంకోసారి పోదు గీ పడవ."

"మీరు పోండ్రి. నేను దాని మీద పోత."

"గా కట్టెల మీదనా? అన్నకు ఇంకో పెండ్లి చేయాలెనా ఏంది?"

"చెయ్యి. చిటికి కట్టొచ్చిన పిల్లను చూడు."

పడవ పోయింది. యాదలక్ష్మి నడుమ బల్ల మీద కూర్చొని రెండు చేతులూ ఊపింది.

*

అండాలు తెప్ప పక్కన కూర్చుంది. ఇదీ కట్టినదే అనుకుంది. ముందు వైపు కట్టును చూసింది. తాడు దుంగల మీది నుంచి కిందికి, కింది నుంచి పైకి తిరిగి, ఒక చోట మడత పెట్టి ముడి వేసి ఉంది. కొస వేలాడుతోంది. ఆమె బొటనవేలి గోటితో నొక్కింది. గోరు దిగింది. వేలు కూడా దిగింది.

వెనక కట్టు చూసింది. అదీ అంతే. దుంగలు ఒకదానితో ఒకటి కొంచెం ఆడుతున్నాయి. మధ్యలో సందు ఉంది. ఆ సందులో నుంచి నీళ్లు వస్తాయి.

కొంతసేపు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తర్వాత లేచి, కొంగును నీళ్లలో ముంచి తెచ్చి, తాడు మీద పిండింది. తాడు నానింది. ముడి విప్పింది. పాదాన్ని దుంగకు తన్నిపెట్టి, తాడును లాగి, దుంగలు ఒకదానికొకటి ఆనేదాకా బిగించింది. కొసను పళ్లతో పట్టుకుంది. ఉప్పగా ఉంది. ఏ ఒక్క దారమూ జారని తన ముడి వేసింది. వెనక వైపు కూడా అట్లాగే చేసింది. రెంటినీ గోటితో నొక్కింది. దిగలేదు.

లింగస్వామి పొడి ఇసుకలో నుంచి చూస్తున్నాడు. ఆమె కట్టింది కదా అని అతనికి కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

యల్లమంద తెడ్డు భుజాన వేసుకొని వచ్చాడు. తెప్పను నీళ్లలోకి నెట్టడానికి చెయ్యి వేసి ఆగిపోయాడు.

"ఎవురు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే అన్నా. వదులున్నది. బిగించిన."

అతను కూర్చొని ముడిని వేళ్లతో తడిమాడు. గోళ్లతో పీకాడు. తెడ్డు కొసతో కుళ్లగించాడు. ఎండకు తాడు ఇంకా బిగిసింది.

"ఇదెట్టా విప్పేది?"

అండాలు ముడి వైపు చూసింది. తన ముడిని విప్పడం ఎట్లాగో ఆమెకు తెలియదు. కోయడమే తెలుసు.

"మాకాడ గట్లనే కడతరన్నా" అంది. "నీళ్లు జొర్రొద్దని."

"నీళ్లు జొరకుండానా? తెప్పలోకా?"

అతను నవ్వడం మొదలుపెట్టాడు. కోపంగా మొదలైన నవ్వు మెల్లగా మామూలు నవ్వయింది. ఇసుకలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"తల్లీ, పడవలోకి నీళ్లొత్తే మునుగుద్ది. దీంట్లోకి రావాలి. కిందనించి వత్తాయి, పక్కనించి పోతాయి. అందుకే ఇది మునగదు. అల వంగితే దుంగలు వంగాలి. ఇట్టా బిగిత్తే మొదటి అలకే తాడు తెగుద్ది, నువ్వో దిక్కు నేనో దిక్కు." ముడిని మళ్లీ చూశాడు. "రోజూ ఇంటికొచ్చినాక విప్పి, దుంగల్ని విడివిడిగా ఆరబెట్టుకోవాలి మేము. విప్పటానికే కదమ్మా కట్టేది."

అండాలు ఆ చివరి మాట విన్నది. తల వంచుకుంది.

యల్లమంద నడుముకున్న కత్తి తీసి రెండు తాళ్లూ కోశాడు. దుంగలు విడిపోయి ఇసుకలో పడుకున్నాయి. ఇంకో తాడు కోసం పల్లెలోకి పోయాడు. అతను తిరిగి వచ్చేసరికి సరుగుడు చెట్ల కొసలు ఊరి వైపు వంగాయి. గాలి తిరిగింది.

"ఇక ఇయ్యాల కాదు" అన్నాడు. "రేపు తెల్లారగానే రా. అప్పుడు గాలి మంచిగా ఉంటది."

"రేపు పొద్దుగాల్ల మా బస్సు పోతది."

యల్లమంద గాలి వైపు చూశాడు. దానికి అతనేం చేయగలడు?

పడవ తిరిగి వచ్చింది. యాదలక్ష్మి దిగీదిగగానే ఇసుకలో కూర్చొని కక్కుకుంది. తర్వాత నోరు కడుక్కొని, "అక్కా, నువ్వు రాకపోవుడే మంచిగైంది. బల్లలున్నయని చెప్పిండు మన దశరథం. కడుపుల పేగులకు బల్లలు లేకపాయె" అంది. అప్పుడు విడిపోయి ఉన్న దుంగలను చూసింది. లింగస్వామి జరిగింది చెప్పాడు. ఆమె నవ్వబోయి, అండాలు ముఖం చూసి మానేసింది.

పొద్దు వాలుతుండగా అండాలు దశరథాన్ని అడిగింది.

"రేపు బస్సు జర ఆగుతదా?"

"ఆగదు వదినే. డ్రైవరు ఇప్పటికే మొత్తుకుంటున్నడు. చీకటి పడకముందు మనం ఊరు చేరాలె." తర్వాత కొంచెం మెత్తగా అన్నాడు. "సముద్రం చూసినవు గదా?"

"ఒడ్డు చూసిన" అంది అండాలు.

ఆడవాళ్లను సత్రం లోపలి గదిలో పడుకోమన్నారు. ఆమె గడప దగ్గర చాప వేసుకుంటుంటే లింగస్వామి వచ్చి నిలబడ్డాడు. వంగి చాప అంచును వేలితో తడిమాడు. మగ్గం ముందు కూడా అట్లాగే తడుముతాడు, పోగు తెగినప్పుడు.

"పొద్దుగాల్ల నువ్వు పో" అన్నాడు.

"బస్సో?"

"నేను చెంబు పట్టుకొని చెట్లల్లకు పోత. కడుపు మంచిగ లేదని చెప్త. నేను రాంది బస్సెట్ల కదులుతది?"

అండాలు అతని వైపు చూసింది.

"ఎంతసేపు కూసుంటవు చెట్లల్ల?"

"నువ్వు వచ్చిందాక. కాళ్లు తిమ్మిరి పడతయి, పడనీ. గుంతల కూసునే అలవాటే గదా."

"నువ్వు గూడ రారాదు?"

"వద్దు. బాపుకే భయమైంది. నాకు కాదా?" అన్నాడు లింగస్వామి. పోబోయి ఆగాడు. "ముళ్లు ముట్టకు."

*

తెల్లవారుతుండగా అండాలు ఒడ్డుకు పోయింది. యల్లమంద కొత్త తాడుతో తెప్ప కడుతున్నాడు. ఆమె దూరంగా నిలబడి అతను మడత పెట్టడం, కొసను వదిలేయడం చూసింది. సాయం పట్టలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోలేదు.

సత్రం వైపు దశరథం గొంతు వినిపించింది. "అన్నా! ఓ అన్నా! ఎంతసేపు!" చెట్ల లోపలి నుంచి లింగస్వామి గొంతు మూలుగుతూ జవాబిచ్చింది. యాదలక్ష్మి అంది, "పాపం, నిన్నటి చేపలు. జర నిమ్మలంగ కానియ్యి దశరథం, నీకు మాత్రం రాదా?"

యల్లమంద ఆమెను నడుమ దుంగల మీద కూర్చోబెట్టాడు. నడుము లోతు దాకా నెట్టుకుంటూ వచ్చి, ఎగిరి వెనక ఎక్కి, తెడ్డు వేశాడు. మొదటి నురుగు మీద పడింది. దుంగల మధ్య నుంచి నీళ్లు పైకి వచ్చాయి, ఆమె కింద నిండాయి, పక్క నుంచి పోయాయి. మళ్లీ వచ్చాయి. చీర పూర్తిగా తడిసింది. చల్లగా ఉంది. ఆ నీళ్లను ఆమె ఆపలేదు, తోడలేదు.

నురుగు దాటిన తర్వాత సముద్రం నున్నగా, పొడుగ్గా లేచి దిగుతోంది. అండాలు చెయ్యి ముందున్న కట్టు మీదికి పోయింది. బొటనవేలి గోటితో నొక్కింది. గోరు దిగింది. ఆమె చెయ్యి తీసింది.

తెప్ప అల మీదికి ఎక్కింది. వెనక్కి తిరిగి చూసింది. ఇసుక, సరుగుడు చెట్లు, సత్రం పెంకులు, చిన్నగా బస్సు. తెప్ప కిందికి దిగింది. చెట్లు లేవు. బస్సు లేదు. అన్ని వైపులా నీళ్లు, వాటి మీద లేత వెలుగు. ఎక్కడా అంచు లేదు.

మళ్లీ పైకి. ఒడ్డు ఉంది. బస్సు హారను సన్నగా వినిపించింది.

"తిప్పమంటావా తల్లీ?" అన్నాడు యల్లమంద.

"ఇంకొకటి పోనియ్యి అన్నా" అంది అండాలు. తడిసిన చేతులు ఒళ్లో పెట్టుకొని, వచ్చే అల కోసం కూర్చుంది.